కొండను ఆనుకున్న ధవళేశ్వరం

రాజమహేంద్రవరానికి దక్షిణాన, గోదావరి ఎడమ గట్టున, ఒక కొండకీ నదికీ మధ్య ఒదిగిన ఊరు ధవళేశ్వరం. నగరానికి ఆరేడు కిలోమీటర్ల దూరాన విడిగా ఉండే ఈ ఊరు, మధ్యలో ఖాళీ స్థలాలన్నీ ఇళ్లతో నిండిపోవడంతో ఇప్పుడు శివారుగా మారింది. ఎక్కడ రాజమండ్రి అయిపోయి ఎక్కడ ధవళేశ్వరం మొదలవుతుందో కొత్తవాళ్లకు తెలియదు. కొండ కూడా పెద్దదేమీ కాదు. పాపికొండలు చూసి వచ్చినవాళ్లు దీన్ని గుట్ట అని తేల్చేస్తారు. కానీ ఇక్కడి నుంచి దిగువకు కోనసీమలో అంతర్వేది సముద్రం దాకా వెతికినా ఈపాటి ఎత్తు కనబడదు.

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ ఉన్నదే కోనసీమ. కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాల నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. ఎంత లోతుకు తవ్వినా మట్టి, ఇసుక, నీళ్లే తప్ప రాయి తగలదు. ఇంటి పునాదికైనా, గుడి మెట్టుకైనా, కాలువ లాకుకైనా రాయి కావాలంటే పైనుంచే రావాలి. ధవళేశ్వరం చరిత్రలో ముఖ్యమైన భాగమంతా ఈ ఒక్క అవసరం చుట్టూ తిరిగింది. ఇళ్లకు చోటు కాకముందు ఈ కొండ రాళ్ల గని.

అంతకు ముందు ఈ ఊరి పేరు క్షేత్రాల జాబితాలోనే వినిపించేది. కొండ మీద జనార్దనస్వామి ఆలయం ఉంది. గోదావరి తీరంలో నవ జనార్దన క్షేత్రాలుగా చెప్పుకునే తొమ్మిదింటిలో ఇది ఒకటి. మడికి, జొన్నాడ, ఆలమూరు, మండపేట, కపిలేశ్వరపురం, మాచర, కోరుమిల్లి, కోటిపల్లి మిగిలిన ఎనిమిది. ఈ వరుసలో కొండ మీద వెలసిన స్వామి ధవళేశ్వరంలోనే కనిపిస్తాడు. దిగువ ఊళ్ల స్వాములకు ఎక్కడానికి కొండలే లేవు మరి. ఊళ్లో అగస్త్యేశ్వరస్వామి ఆలయం కూడా ఉంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ఇక్కడ తీర్థం జరుగుతుంది. అదే రోజున డెల్టా చివర అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కదులుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో గోదావరి జిల్లా దుస్థితిలో ఉండేది. 1830ల తొలినాళ్లలో కరువు వచ్చింది. 1839లో ఉప్పెన కోరంగి తీరాన్ని తుడిచిపెట్టింది. నది నిండా నీళ్లున్నా అవి పొలాలకు ఎక్కవు, వరద వస్తే మాత్రం పొలాల మీద నుంచే పోతాయి. 1821లో 7 లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1840ల తొలినాళ్లకు 6 లక్షల లోపుకు పడిపోయింది. చచ్చినవాళ్లు కొందరు, వలస పోయినవాళ్లు కొందరు. కంపెనీకి శిస్తు కూడా తగ్గిపోయింది. పై అధికారులను నిద్రలేపింది ఈ చివరి సంగతే అనుకోవడంలో అన్యాయం లేదు. జిల్లా పరిస్థితిని పరిశీలించిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదికలో నీటిపారుదల పనులు చేపట్టాలని సూచించాడు. ఆ పని ఆర్థర్ కాటన్ చేతికి వచ్చింది.

1803లో పుట్టిన కాటన్ అప్పటికే కావేరి డెల్టాలో పనిచేసి, 1836లో అక్కడి కొల్లిడం పాయ మీద ఆనకట్ట కట్టి పేరు తెచ్చుకున్న ఇంజనీరు. చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను చూసి, ఇసుక మీద రాళ్లు పేర్చి కూడా నదిని నిలబెట్టవచ్చని నేర్చుకున్నవాడు. గోదావరి మీద ఆనకట్టకు అతడు ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి కారణాలు నేల మీదే ఉన్నాయి. డెల్టాకు తలభాగం ఇదే. ఇక్కడ ఎత్తిన నీరు వాలును బట్టి తనంతట తానే సముద్రం దాకా పారుతుంది. నది ఇక్కడ చాలా వెడల్పు, కాని నడుమ లంకలున్నాయి. ఒకే పొడవాటి గోడ కాకుండా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు. పైగా రాళ్ల కొండ గట్టును ఆనుకునే ఉంది. ఎగువన పాపికొండల ఇరుకులో నది వెడల్పు తక్కువే అయినా లోతు భయంకరం, పైగా అక్కడి నుంచి డెల్టా దూరం.

1844లోనూ, 1845లోనూ కాటన్ నివేదికలు పంపాడు. మొదటి అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. అనుమతి వచ్చాక 1847లో పని మొదలై, 1852కి పూర్తయింది. ఖర్చు అంచనాను దాటిపోయింది. ఇంత పెద్ద పనిలో అది ఆశ్చర్యమేమీ కాదు. మధ్యలో 1848లో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్లిపోతే, చార్లెస్ ఆర్ అనే మరో ఇంజనీరు పని నడిపించాడు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట కట్టినది కూడా ఆయనే. కూలీలను కూడగట్టి పని నడపడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణం వీరన్న. 1867లో చనిపోయిన ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ రావలసినంత రాలేదు.

కొండ ఊరుగా మారడం ఆనకట్ట కట్టిన ఈ ఐదేళ్లలోనే మొదలైంది. ఆనకట్ట పునాదిగా ఇసుకలో వరుసగా బావులు దింపి, వాటి మీద పన్నెండు అడుగుల ఎత్తు గోడ లేపి, నీరు దూకే వైపున వెడల్పుగా మోటురాళ్లు పరిచారు. గోడ కంటే ఈ మోటురాళ్లకే ఎక్కువ రాయి పట్టింది. నాలుగు ముక్కలూ కలిపితే ఆనకట్ట పొడవు మూడున్నర కిలోమీటర్లకు చేరువ. ఆ పొడవునా పరచడానికి కావలసిన రాయిలో అధిక భాగం ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. భూగర్భశాస్త్రవేత్తలు రాజమండ్రి ఇసుకరాయి అని పిలిచే పొరలు ఈ చుట్టుపక్కల కొండల్లో బయటపడతాయి. నల్లరాతితో పోలిస్తే ఇది తేలికగా పగులుతుంది. కొండను మందుగుండుతో పేల్చడం, గునపాలతో విడదీయడం, సుత్తులతో చదును చేయడం, బండ్లకెత్తడం ఏళ్ల తరబడి సాగాయి.

రాయిని కొండ నుంచి నదికి చేర్చడానికి ఇక్కడ ఇనుప పట్టాల దారి వేశారు. మద్రాసు దగ్గర 1837లో నడిచిన రెడ్‌హిల్స్ రైలుదారిలోనూ కాటన్ చేయి ఉంది. ఆ అనుభవమే ఇక్కడా పనికొచ్చింది. బొంబాయి నుంచి ఠాణాకు 1853లో ప్రయాణికుల రైలు నడవడానికి ముందే ధవళేశ్వరం కొండ కింద పట్టాల మీద రాళ్ల బండ్లు దొర్లాయి. భారతదేశంలో తొట్టతొలి రైలుదారుల జాబితా రాసేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. అది మోసింది రాయిని కాబట్టి బొంబాయి రైలుకున్న కీర్తి దీనికి దక్కలేదు. లంకల దగ్గరి ముక్కలకు మాత్రం రాయి పడవల మీద వెళ్లేది.

కూలీల సంఖ్య వేలల్లో ఉండేది. రాతిపని, మట్టిపని అంటే ఆ కాలంలో వడ్డెరలదే పైచేయి. వాళ్లకు తోడు కమ్మరులు, వడ్రంగులు, సున్నం కాల్చేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, పడవవాళ్లు. అంతమంది ఒకచోట చేరితే పాకలు, అంగళ్లు, కల్లు దుకాణాలు వాటంతట అవే వెలుస్తాయి. 1830ల్లో నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన బౌడెన్, బీర్‌ల క్రైస్తవ మిషన్ కూడా ఈ కూలీల మధ్య పనిచేసింది. వరద కాలంలో నదిలో పని ఆగిపోయేది. నీరు తగ్గాక మళ్లీ మొదలయ్యేది. పని ముగిశాక కొందరు వెళ్లిపోయి ఉంటారు గాని, వెళ్లనవసరం లేనివాళ్లూ చాలామందే. ఎందుకంటే పని నిజానికి ముగియలేదు. ప్రతి వరదకూ నది ఆనకట్ట దిగువన పరిచిన మోటురాళ్లను కొంత లాక్కుపోయేది. వేసవిలో మళ్లీ కొండ నుంచి రాయి తెచ్చి ఆ గుంతలు పూడ్చాలి. తరువాతి దశాబ్దాల్లో ఆనకట్ట ఎత్తు పెంచారు, దాని మీద తలుపులు అమర్చారు. వాటికీ రాయే, వాటికీ కూలీలే.

అలా ధవళేశ్వరం ఒక ప్రభుత్వ శాఖ ఊరుగా స్థిరపడింది. ఆనకట్ట హెడ్‌వర్క్స్ కార్యాలయాలు, ఇంజనీర్ల బంగళాలు, లాకు తలుపులూ పడవలూ తయారుచేసే పీడబ్ల్యూడీ వర్క్‌షాపు వచ్చాయి. గోదావరి డెల్టా పనుల గురించి ఇంజనీరు జార్జ్ వాల్ష్ 1896లో ఒక గ్రంథమే ప్రచురించాడు. దాని నిండా ఈ ఊరే. 1901 లెక్కల్లో ఊరి జనాభా పదివేలు దాటింది. వ్యవసాయం మీద బతికే ఊళ్ల మధ్య ఇది నెలజీతాల ఊరు. లస్కర్లు, ఓవర్సీర్లు, డ్రాఫ్ట్స్‌మెన్లు, ఫిట్టర్లు ఇక్కడ ఇరుగుపొరుగు. తండ్రి తరువాత కొడుకు అదే శాఖలో చేరడం ఇలాంటి ఊళ్లలో మామూలు.

కొండ రాయి వల్ల లాభపడింది మాత్రం ఎక్కువగా దిగువవాళ్లే. ధవళేశ్వరం తలుపుల నుంచి తూర్పు డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు, బొబ్బర్లంక నుంచి కోనసీమకు నీరు వెళుతుంది. కోనసీమకు వచ్చే కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి అమలాపురం, గన్నవరం, బ్యాంకు కాలువలుగా సాగుతుంది. వైనతేయ అవతల ఉన్న నగరం లంకకు, అంటే రాజోలు వైపుకు నీరు చేర్చడానికి లెఫ్టినెంట్ హేగ్ గన్నవరం దగ్గర నది మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టాడు. నది మీద కాలువ పారడం ఆ రోజుల్లో ఒక వింత. తరువాత దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మూడు డెల్టాలూ కలిపి నేడు ఆయకట్టు 10 లక్షల ఎకరాలకు పైమాటే. అందులో కోనసీమ వాటా 2 లక్షల ఎకరాల వరకు ఉంటుంది.

కాలువలు నీళ్లతో పాటు మనుషులనూ మోశాయి. బస్సులు రాకముందు కోనసీమ నుంచి రాజమండ్రి రావాలంటే పడవే దారి. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు వెంట మనుషులు నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ప్రతి లాకు దగ్గరా ఆగాలి. తలుపులు మూసి, నీరు సమమట్టానికి వచ్చాక ఎదుటి తలుపులు తెరిచేదాకా పడవలో కూర్చోవాలి. వడ్లు, కొబ్బరి, బెల్లం ఇలాగే పైకి వచ్చేవి. ధవళేశ్వరం నుంచి కాలువ మార్గం సామర్లకోట మీదుగా కాకినాడ రేవు దాకా ఉండేది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ రైలు వంతెన తెరుచుకున్నాక సరుకు మెల్లగా రైలు వైపు మళ్లింది. ఆ దారిలో ప్రాధాన్యం రాజమండ్రికి దక్కింది. ధవళేశ్వరం ఒక మెట్టు దిగి, నగరం పక్కన ఉండే ఊరైంది.

నూరేళ్లు దాటాక ఆనకట్ట వయసు మీద పడింది. దాని స్థానంలో 1970లో మొదలైన బ్యారేజీ 1982లో పూర్తయింది. ఆ ఏడాది అక్టోబరులో ఇందిరాగాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. తలుపులు మొత్తం 175: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. కాటన్ మ్యూజియం 1988లో వచ్చింది. కొందరు పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ పేరు కూడా చెబుతారని ఈ జిల్లాల్లో చాలాకాలంగా ఉన్న మాట. గుర్రమెక్కిన ఆయన విగ్రహాలైతే కోనసీమ కూడళ్లలో లెక్కలేనన్ని. రాళ్లు కొట్టినవాళ్ల విగ్రహం మాత్రం ఎక్కడా కనబడదు.

ధవళేశ్వరాన్ని మళ్లీ మార్చినది బ్యారేజీ మీది రోడ్డు. రావులపాలెం, ఆత్రేయపురం వైపు నుంచి బొబ్బర్లంక మీదుగా నేరుగా నగరంలోకి దారి ఏర్పడింది. కోనసీమ నుంచి ఆసుపత్రికో, కాలేజీకో, కోర్టు పనికో, పెళ్లి బట్టలకో వచ్చేవాళ్లకు రాజమండ్రి గుమ్మం ధవళేశ్వరమే. పిల్లల చదువుల కోసం డెల్టా కుటుంబాలు నగరంలో ఇల్లు తీసుకోవడం, రిటైరైన ఇరిగేషన్ ఉద్యోగులు ఇక్కడే స్థలం కొనుక్కుని ఉండిపోవడం, కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు అన్వేషణకు రాజమండ్రిని స్థావరం చేసుకున్న ఓఎన్‌జీసీ వల్ల అద్దె ఇళ్లకు గిరాకీ పెరగడం, ఇవన్నీ కలిసి శివారును పెంచాయి. ఒకవైపు నది, ఒకవైపు కాలువ. పల్లంలో చోటు అయిపోయాక మిగిలింది కొండ వైపే. 2011 లెక్కల నాటికి ఊరి జనాభా 40 వేలు దాటింది.

నగరాల అంచున కొండ వాలు మీద ఇళ్లు లేచే తీరు ఆంధ్రదేశంలో ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. విజయవాడలో వన్‌టౌన్, మొగల్రాజపురం, గుణదల కొండల మీద, విశాఖలో సింహాచలం కొండల అంచున కనిపించేది అదే. పల్లంలో స్థలం కొనలేనివాళ్లు ముందు కొండ మొదట్లో గుడిసె వేస్తారు. తరువాత వచ్చినవాళ్లు దానికి పైన వేస్తారు. చదును కోసం వాలును తొలిచి, తీసిన మట్టిని ముందుకు పోసి, రాళ్లతో అడ్డుగోడ కడతారు. పైఇంటి పునాది, కిందింటి వెనకగోడ ఒకే రాతికట్టు మీద ఆధారపడతాయి. తరువాత మెట్లు, కరెంటు, కుళాయి, చివరికి పట్టా. ఈ వరుస ఎక్కడా తప్పదు. కుళాయి మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే నీళ్లు పల్లమెరుగుతాయి గాని ఎత్తెక్కాలంటే మోటారు, పైన ట్యాంకు కావాలి. అంతవరకూ బిందెలు మోయడం ఆడవాళ్ల పని. గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా, జబ్బుపడ్డ మనిషి, శవం, ఏదైనా మెట్ల మీద భుజాల మీదే వెళ్లాలి.

రాయి తీసిన కొండకు ఇంకో చిక్కు ఉంది. సహజమైన వాలు వేల ఏళ్ల వానలకు తనను తాను సర్దుకుని ఉంటుంది. తవ్విన ముఖం అలా కాదు, అది నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. మందుగుండు దెబ్బకు లోపల బీటలుంటాయి. వాన నీరు ఆ బీటల్లోకి దిగి, రాతి పొరల మధ్య మట్టిని నానబెడితే పై పొర జారుతుంది. చెట్లు పోయిన కొండ మీద ఇది మరీ త్వరగా జరుగుతుంది. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. అక్కడ చనిపోయినవాళ్లు చేసిన తప్పేమీ లేదు. వాళ్లకు ఇళ్లు దొరికిన చోటు అది. కొండ మొదట్లో ఇళ్లకు పట్టాలిచ్చే ముందు వాలు కోణం చూడటం, వాననీటికి పై నుంచి కిందిదాకా సిమెంటు కాలువ వేయడం, మిగిలిన కొండను ఎర్రమట్టి కోసం, కంకర కోసం తవ్వనీయకపోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. రాజమండ్రి చుట్టుపక్కల ఎర్ర కొండలకు ఈ మూడోది మరీ అవసరం. ఆనకట్ట కోసం కొండను తవ్వితే 10 లక్షల ఎకరాలు పండాయి. లేఅవుట్ మెరక చేయడానికి తవ్వితే ఆ సమర్థన దొరకదు.

నది ఒడ్డునున్న ఊరికి కొండ మరో రకంగా అక్కరకొస్తుంది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించాయి. నీటిమట్టం 24.55 అడుగులకు చేరింది. కోనసీమలో ఏటిగట్లు చాలాచోట్ల తెగి ఊళ్లు మునిగాయి. లంకల జనం ఇంటికప్పుల మీద, గట్ల మీద తలదాచుకున్నారు. అలాంటప్పుడు ధవళేశ్వరంలో పల్లపు వీధులవాళ్లకు ఎక్కడానికి కొండ ఉంది. కోనసీమవాళ్లకు గట్టు తప్ప ఏదీ లేదు. మళ్లీ 2006లోనూ, 2022 జూలైలోనూ 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద ఈ బ్యారేజీ నుంచి దిగువకు వెళ్లింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ధవళేశ్వరం రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలో మిగిలింది. బ్యారేజీ నడుమనున్న బొబ్బర్లంక మాత్రం అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు వెళ్లింది. ఇరిగేషన్ సర్కిల్ కార్యాలయం ధవళేశ్వరంలోనే ఉంది. వేసవిలో కాలువలు కట్టేసేదీ, తొలకరికి తిరిగి వదిలేదీ ఇక్కడి తలుపుల దగ్గరే. వరద వస్తే 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. మూడో హెచ్చరిక వచ్చిందంటే కోనసీమ లంకల్లో పశువులను గట్టెక్కించి, పడవల కోసం చూడాల్సిందే.